ఆటలో ఆటో

మలక్‌పేట వంతెన కింద నిలిచిన వాననీళ్లలో
స్కూటీ జారి కుడి మణికట్టు విరిగిన నెల,
తమ్ముడి ఫోన్‌లోని కార్ల పందెం
నా కోసం మెత్తబడింది.
సెట్టింగులు తెరిచి వాడే నొక్కాడు:
బ్రేకు, దానంతటదే.
మలుపు, దానంతటదే.
"నువ్వు ఊరికే పట్టుకో అక్కా, చాలు."

మొదటి రాత్రి దండం పెట్టాలనిపించింది.
కట్టు లోపల దురద తప్ప ఏదీ కదలని చేతికి
బొటనవేలంత లోకం దొరికింది.
గోడలు నన్ను చూసి పక్కకు జరిగేవి.
నేను వెనకబడితే, ముందున్న కార్లు
బంతిలో చివరి మనిషి తినేదాకా
చెయ్యి కడగని పెద్దల్లా
నెమ్మదించేవి.

ఏడో రాత్రి
పాలు పొంగుతున్నాయని ఫోన్ స్టవ్ పక్కన పెట్టాను.
ఎడమ చేత్తో టీ వడకట్టి
ఒలికింది తుడిచి
తిరిగి చూసేసరికి
మొదటి స్థానంలో ఉన్నాను.
తెర నిండా రంగుకాగితాలు రాలుతున్నాయి.
పక్క ఫ్లాటు వాళ్ల కొరియర్‌కి
సంతకం పెట్టి తీసుకున్నట్టు
తీసుకున్నాను ఆ కప్పు.

కట్టు విప్పించుకోవడానికి పంజాగుట్ట వెళ్లిన రోజు
ఎక్కిన బండి జంగయ్యది.
హ్యాండిల్‌కి బిగించిన ఫోన్‌లో దారి పటం లేదు.
నీలం సైన్యం, ఎర్ర సైన్యం
ఎవరూ ముట్టకుండానే నరుక్కుంటున్నాయి.

"బిడ్డది మేడం. పాలిటెక్నిక్ పరీక్షలున్నయ్.
ఒక్క దినం ఆడకున్నా గొలుసు తెగుతదట,
నూట నలభై దినాల గొలుసు.
గందుకే నాకిచ్చింది.
ఆటోల వెట్టిన, ఆటోల."
తన మాటకు తనే నవ్వాడు,
పొద్దుటి నుంచి ఎక్కిన ప్రతివాళ్లకీ చెప్పినట్టున్నాడు,
అయినా నవ్వాడు.

ఎవరు గెలుస్తున్నారు?
"మనోళ్లు నీలమో ఎర్రనో, గది అడగలే మేడం."

చాదర్‌ఘాట్ దగ్గర బస్సులు అడ్డం తిరిగితే
కోఠి వెనక ఒక సందులోకి కోశాడు.
తడిబట్టల కింద తల వంచి,
ఇడ్లీ బండికీ గోడకీ మధ్య
నాలుగు వేళ్ల సందు మిగుల్చుకుని.
ఏ పటమూ ఒప్పుకోని దారి అది.
ఫోన్‌లో కోట కూలింది. అతను చూడలేదు.

లక్డీకాపూల్ దాటాక అడిగాను,
బండి కూడా దానంతటదే నడిచేది వస్తే?
చాలాసేపు మాట్లాడలేదు.
ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర మోకాలు రుద్దుకున్నాడు.
"రాత్రి పదకొండయినంక ఎవడన్న నడిపితే
వాని కాళ్లు మొక్కుత మేడం.
పొద్దుగాల మాత్రం నాకియ్యాలె."

డాక్టరు కట్టు కోశాడు.
నానిన అటుకుల రంగులో బయటికొచ్చింది చెయ్యి,
ఎవరి ఇంట్లోనో నెల రోజులుండి వచ్చిన పిల్లలా
బెరుగ్గా.
పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చారు.

ఆ రాత్రి సెట్టింగులు నేనే తెరిచాను.
మలుపు దానికే వదిలేశాను,
మణికట్టు ఇంకా అంత తిరగదు,
అందులో పౌరుషమేమీ లేదు.
బ్రేకు మాత్రం తీసుకున్నాను.

మొదటి వంపు.
ఎప్పుడు నొక్కాలో చేతికి తెలీదు.
ఇన్నాళ్లూ జరిగి నిలబడిన గోడ
ఈసారి జరగలేదు.
అద్దం భళ్లుమంది, బానెట్ లేచింది,
తమ్ముడు పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు
నేను కేక పెట్టానని.

ఎనిమిదో స్థానం. ఉన్నదే ఎనిమిది మంది.

మణికట్టులో సన్నగా సలుపు.
టీ పెట్టనా అన్నాడు వాడు.
పెట్టు, అన్నాను,
ఫోన్ మాత్రం కింద పెట్టలేదు.